పొరుగింటి పుల్లకూర

ఉదయపు నడకలో మాకొక చిన్న సభ ఉన్నది. రెవెన్యూలో పనిచేసి విరమించినవారొకరు, బ్యాంకులో పనిచేసి విరమించినవారొకరు, ఎరువుల దుకాణం కుమారునికి అప్పగించి వచ్చినవారొకరు, తెలుగు పండితుడుగా ముప్పదియేండ్లు సుద్దముక్కలు అరగదీసిన నేను. మా సభలో పరిష్కారం కాని ప్రపంచ సమస్య లేదు. మొన్నొకనాడు మాటల సందర్భంలో నేను, "మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేండ్లలోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు ఎదగనివారు నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది. బంగ్లాదేశ్‌లో 24 మందేనట" అన్నాను. బ్యాంకు మిత్రులు నడక ఆపి నావైపు చూసినారు. "మాస్టారూ, పోల్చుకోవడానికి మీకు బంగ్లాదేశే దొరికిందా? పోలిస్తే చైనాతో పోల్చండి, అమెరికాతో పోల్చండి. మీ వరస చూస్తే పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టుంది" అన్నారు.

ఆయన సామెత సరిగా వాడలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అనాలంటే ముందు దానిని తిని చూడాలి కదా! మనం బంగ్లాదేశ్ కూరను తినలేదు సరికదా, యాభై ఏండ్లుగా ఆ ఇంటివైపు ముక్కు మూసుకొని నడుస్తున్నాము. ఇందులో నేనూ తక్కువ తినలేదు. అందుచేత ముందు నా సంగతి చెప్పి, తరువాత వారి సంగతికి వస్తాను.

1971 నవంబరులో నేను ఆరవ తరగతి. ఉత్తరాల మీద మామూలు తపాలా బిళ్ళతోపాటు శరణార్థుల సహాయార్థం అయిదు పైసల బిళ్ళ మరొకటి అంటించాలని ప్రభుత్వం నిబంధన పెట్టినది. మా నాన్నగారికి వచ్చే ఉత్తరాల నుండి వాటిని నీటిలో నానబెట్టి ఊడదీసి నోటుపుస్తకంలో అంటించుకొనేవాడిని. బిళ్ళ మీద మూటాముల్లెతో నడిచిపోతున్న కుటుంబం బొమ్మ. నా మనసులో బంగ్లాదేశ్ అంటే ఆ బొమ్మే. తరువాత ఉపాధ్యాయుడనయినాను. అన్నం పారవేసిన పిల్లలను మందలించడానికి, దారిద్ర్యానికి ఉపమానం చెప్పడానికి, నోరు తిరిగిన మాట "బంగ్లాదేశ్". అటువంటి ఉపమ ఎన్ని తరగతులలో ఎన్ని మార్లు వాడినానో లెక్కలేదు. ఇందులో నేను ఒంటరివాడినీ కాను. ఆ దేశం పుట్టిన నెలలోనే, అంటే 1971 డిసెంబరులో, వాషింగ్టనులో పెద్దలు సమావేశమై అది అంతర్జాతీయ భిక్షాపాత్ర కాబోతున్నదని తీర్మానించుకొన్నారు. 1970 నవంబరు తుపానులో లక్షలమంది పోయిన నేల, 1971 యుద్ధంలో చితికిన నేల, 1974లో కరవు చూసిన నేల. వాషింగ్టను పెద్దల జోస్యం అప్పటికి తప్పని ఎవరూ అనుకోలేదు.

ఉపమ అన్నాను గనుక ఒక మాట. అలంకారశాస్త్రం చదువుకొన్నవాడు ఉపమానానికీ ఉపమేయానికీ నడుమ సమానధర్మం వెతుకుతాడు. అది లేనిచోట పోలిక చమత్కారమైనా కావచ్చును గాని, జ్ఞానం కాదు. అమెరికాకూ మనకూ సమానధర్మం ఏమున్నది? బంగ్లాదేశ్‌తో ఉన్నది. 1947 వరకు ఒకే దేశం, ఒకే చట్టాలు, అవే ఋతుపవనాలు, అవే నదులు, అదే వరి అన్నం. 1943 నాటి వంగ దేశపు క్షామం సరిహద్దు గీయక ముందే అటువారినీ ఇటువారినీ కలిపి చంపినది. పోలిక చెప్పదగిన చోటంటూ ఉంటే అది ఇదే. మన పాఠకులకు వారి దేశం కొలత తెలియడానికి ఒక లెక్క చెపుతాను. బంగ్లాదేశ్ విస్తీర్ణం సుమారు 1,48,000 చదరపు కిలోమీటర్లు. విభజన తరువాతి మన ఆంధ్రప్రదేశ్ 1,63,000. అంటే వారి దేశం మన రాష్ట్రం కంటే చిన్నది. మనం 2011 జనగణనలో అయిదు కోట్లకు కాస్త తక్కువ. వారు 2022 జనగణనలో దాదాపు పదిహేడు కోట్లు. కృష్ణా గోదావరులు ఏటా పొంగి సగం జిల్లాలను ముంచిపోతుంటే, ఇప్పుడున్న జనానికి మూడు రెట్లకు పైగా జనాన్ని మన రాష్ట్రంలోనే సర్దుకొని బ్రతకమంటే మనం ఏమయ్యేవారమో ఒకసారి ఊహించండి.

ఇక అసలు విషయం. 2013లో జాన్ డ్రెజ్, అమర్త్య సేన్ కలిసి భారతదేశం గురించి ఒక పుస్తకం ప్రకటించినారు. అందులో నన్ను నిలబెట్టిన పట్టిక ఒకటున్నది. 1990లో మన తలసరి ఆదాయం బంగ్లాదేశ్ కంటే 60 శాతం ఎక్కువ. 2011 నాటికి దాదాపు రెట్టింపు. అంటే డబ్బు పందెంలో ఆ ఇరవై ఏండ్లలో మనం వారిని ఇంకా వెనుకకు నెట్టివేసినాము. అదే ఇరవై ఏండ్లలో, వేయిమంది శిశువులు పుడితే ఏడాది నిండకుండా పోయేవారి సంఖ్య మన దేశంలో 81 నుండి 47కు తగ్గినది. వారి దేశంలో 97 నుండి 37కు తగ్గినది. వెనుక బయలుదేరి, తక్కువ డబ్బుతో, ముందు చేరినారు. ఆయుర్దాయం సంగతీ అంతే. 1990 ప్రాంతంలో రెండు దేశాలూ ఇంచుమించు ఒకచోటనే ఉన్నవి. 2025లో ఐక్యరాజ్యసమితి వారు ప్రకటించిన మానవాభివృద్ధి నివేదికలో మన ఆయుర్దాయం 72 ఏండ్లు, వారిది 74 దాటినది.

పండితుడి చాదస్తం అనుకోకపోతే ఇక్కడొక మాట చెప్పాలనిపిస్తున్నది. వృద్ధి, వృద్ధుడు రెండూ ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు. ప్రకృతి వికృతుల పట్టికలో వృద్ధికి వికృతి వడ్డి. ఆర్థికవేత్తలు వృద్ధి అన్నప్పుడల్లా మనకు వినబడేది ఈ రెండవ బంధువు, వడ్డి. మొదటి బంధువును తలచేవారు లేరు. ఒక దేశంలో పుట్టిన పిల్లలలో ఎంతమంది వృద్ధులయ్యేదాకా మిగులుతున్నారన్నది నా దృష్టిలో ఆ దేశపు వృద్ధి రేటు. నాకు అరవై దాటినవి కాబట్టి ఈ అర్థం నచ్చినదని మా బ్యాంకు మిత్రులు అన్నారు. కావచ్చును.

ఇంతకూ వారు చేసినదేమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ చదివినవాటిలో నన్ను వదలని కథ ఒకటున్నది. అది బెల్లమూ ఉప్పుల కథ. దానికి ముందు మా ఇంటి కథ చెప్పకుండా ఉండలేను.

1966లో మా తమ్ముడొకడు రెండేండ్ల వయసులో వాంతులు, విరేచనాలతో పోయినాడు. రెండు రోజుల జబ్బు. దాహమని వాడు ఏడుస్తుంటే ఇంట్లో పెద్దలు నీళ్ళివ్వనీయలేదు. తాగితే ఇంకా పోతాయని వారి భయం. అది మా ఇంటి మూర్ఖత్వమని చాలాకాలం అనుకొన్నాను. దేశమంతటా ఇళ్ళలో అదే నమ్మకమని తరువాత తెలిసినది. మా అమ్మ 2009 వరకు బ్రతికినది. ఎండాకాలంలో ఎవరి పిల్లలయినా నీళ్ళడిగితే చేతిలో పని వదిలివేసి లేచేది. తమ్ముడి పేరు మాత్రం ఎత్తేది కాదు.

విరేచనాలతో చనిపోయే బిడ్డ నిజానికి ఒంటిలో నీరూ ఉప్పూ ఎండిపోయి చనిపోతాడు. నీటికి తగుపాళ్ళలో ఉప్పు, తీపి కలిపితే పేగులు దానిని లోపలికి పీల్చుకొంటాయి. దీనిని రోగుల మీద నిరూపించిన ప్రయోగాలు 1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయంలో జరిగినవి. 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో, అంటే నేను బిళ్ళలు దాచుకొన్న ఆ ఏడాదిలోనే, దిలీప్ మహలనబిస్ అనే మన కలకత్తా వైద్యులు సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు ఈ ఉప్పు చక్కెరల నీటిని పీపాలలో కలిపించి రోగుల బంధువుల చేతనే తాగించినారు. నూటికి ముప్పై మంది పోతున్నచోట నలుగురికంటే తక్కువకు మరణాలు తగ్గినవి. 1978లో లాన్సెట్ పత్రిక, ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ప్రగతి ఇదే కావచ్చునని రాసినది. మహలనబిస్ గారు 2022లో పోయినారు. 2023లో వారికి మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చినారు.

మందు రెండు దేశాల నడుమ, ఇద్దరి చేతులమీదుగా పుట్టినది. ఇల్లిల్లూ చేరవేసిన పని మాత్రం వారిది. ఫజలె హసన్ ఆబెద్ అనే ఆయన 1972లో స్థాపించిన బ్రాక్ అనే సంస్థ 1980 నుండి పదేండ్లపాటు ఒకే పాఠం చెప్పినది. మూడు వేళ్ళకు వచ్చినంత ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీళ్ళు. ప్రతి ఇంటిలోనూ ఉండే వస్తువులే. చెప్పేవారు పల్లెటూరి ఆడపిల్లలు. నేర్చుకొనేవారు చదువురాని తల్లులు. కోటికి పైగా ఇళ్ళకు, ఒక్కొక్క తల్లి ఎదుట కూర్చుండి, ఆమె చేతనే కలిపించి నేర్పినారు.

ఇక ఒక ఉపాధ్యాయుడిగా నేను లేచి నిలబడిన ఘట్టం. ఆ నేర్పే పిల్లలకు జీతం ఎలా ఇచ్చినారంటారు? ఎన్ని ఇళ్ళు తిరిగినారన్న లెక్కను బట్టి మాత్రమే కాదు. కొన్నాళ్ళకు పరీక్షకులు వచ్చి, నేర్చుకొన్న ఇళ్ళలో పదింట ఒక ఇంటిని ఎంచుకొని, తల్లికి పాఠంలోని అంశాలు ఎన్ని గుర్తున్నవో అడిగేవారు. కలిపి చూపమనేవారు. ఆ నీటిని తీసుకుపోయి ఉప్పు పాలు సరిగా ఉన్నదో లేదో పరీక్షించేవారు. తల్లికి ఎన్ని మార్కులు వస్తే నేర్పిన పిల్లకు అంత జీతం! మా ఉద్యోగాలలో ఈ పద్ధతి పెట్టి ఉంటే, సంధుల పాఠానికి నాకు ఏ నెలలోనూ పూర్తి జీతం అంది ఉండేది కాదు.

ఇంతచేసినా మొదట ఫలితం రాలేదట. తల్లులకు పాఠం అప్పగించినట్లు వచ్చును, బిడ్డకు జబ్బు చేస్తే మాత్రం ఆ నీళ్ళు ఇవ్వరు. కారణం వెతికితే బయటపడినది ఏమిటంటే, నేర్పే పిల్లలకే ఆ మందు మీద నమ్మకం లేదు. తమకు విరేచనాలయితే వారు మాత్రలు మింగుతున్నారు. అప్పుడు వారిని ఢాకాకు తీసుకుపోయి, ఈ నీళ్ళు పనిచేసే విధానాన్ని కళ్ళకు చూపించి, వారి చేత తాగించి మళ్ళీ పల్లెలకు పంపినారు. మగవారికి చెప్పకపోతే ఇంటిలో సాగదని గ్రహించి రచ్చబండల దగ్గరా, మసీదుల దగ్గరా మగవారికీ చెప్పినారు. తాను నమ్మని పాఠాన్ని గురువు చెపితే శిష్యుడికి కంఠస్థమవుతుంది గాని ఒంటబట్టదని మనకు తెలియనిదా? తెలిసినదే. తెలిసీ మనం ఆ పాఠాన్ని ఆస్పత్రి గోడమీద బొమ్మగా అంటించి ఊరుకొన్నాము.

ఫలితం లెక్కలలో చూడవచ్చును. 2005-06లో మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, విరేచనాలయిన పిల్లలలో ఈ ఉప్పు చక్కెరల పొట్లం నీళ్ళు అందినవారు నూటికి 26 మంది. బంగ్లాదేశ్‌లో 2011 సర్వే నాటికే నాలుగింట మూడు వంతుల పిల్లలకు అందుతున్నది. మనం 2019-21 సర్వేకు నూటికి 61 మంది దాకా వచ్చినాము. ఇది ఆదాయానికి సంబంధించిన తేడా కాదు. పిడికెడు బెల్లం మన ఇళ్ళలోనూ ఉన్నది.

మరుగుదొడ్ల సంగతి తొందరగా చెప్పి ముగిస్తాను. 2011 జనగణనలో మన ఇళ్ళలో సగం ఆరుబయటికి పోతున్నవి. అప్పటికి వారిలో ఆ అలవాటు నూటికి పదిమందికంటే తక్కువ. వారి దగ్గర ఆ మార్పునకు ఊపునిచ్చిన పద్ధతి 1999-2000 ప్రాంతంలో రాజషాహీ జిల్లాలోని ఒక పల్లెలో మొదలయినది. మొదలుపెట్టిన కమల్ కర్ భారతీయుడు! ప్రభుత్వం డబ్బులిచ్చి దొడ్లు కట్టించడం కాదు, ఊరివారినందరినీ ఊరి చుట్టూ నడిపించి, ఎవరు ఎక్కడికి పోతున్నారో నేలమీద ముగ్గుతో పటం గీయించి, వారి చేతనే సిగ్గుపడేట్టు చేయడం. సిగ్గును ఆయుధంగా వాడడం నాకంత నచ్చలేదు, బీదవాడికి అది రెండు వైపులా కోసే కత్తి. మనం 2014 తరువాత కోట్లకొద్దీ దొడ్లు కట్టుకొన్నాము. అయినా 2019-21 సర్వేలో నూటికి 19 ఇళ్ళకు దొడ్డి లేదు.

సంతానం సంగతిలో మాత్రం మన తెలుగువారికీ వారికీ పోలిక బహు చిత్రమైనది. 1970లలో ఒక్కొక్క బంగ్లాదేశ్ తల్లికి సగటున ఆరుగురు బిడ్డలకు పైగా. ఇప్పుడు 2.3. మన ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఇందులో మనమే ముందున్నాము, సందేహం లేదు. అయితే వెళ్ళిన దారి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల లోపు వివాహిత స్త్రీలలో నూటికి 70 మందికి ఆపరేషన్ అయినది. బంగ్లాదేశ్‌లో 5 శాతం వరకు. అక్కడ 1970ల చివరి నుండి చదువుకొన్న ఆడపిల్లలను ప్రభుత్వమే ఉద్యోగంలో పెట్టి, ఇంటింటికి పంపి, మాత్రలా, సూదిమందా, మరొకటా అని అడిగి ఇచ్చినది. గడప దాటరాని స్త్రీ దగ్గరకు మరొక స్త్రీ గడప దాటి వచ్చినది. మా పాఠశాలలో పదవ తరగతి పాసయి పెళ్ళి చేసుకొన్న ఆడపిల్లలు ఇరవై రెండు, ఇరవై మూడు ఏండ్లకు ఇద్దరు బిడ్డలతో కనబడి, "ఆపరేషన్ అయిపోయింది సార్" అని, ఏదో పరీక్ష పాసయినట్లు చెప్పేవారు. వారిని ఏ దారి కావాలని ఎవరయినా అడిగినారా అని నాకు తోచినది ఈ లెక్క చదివిన తరువాతనే.

మనమేమీ చేయలేదనడం అన్యాయం. 1991లో మా నెల్లూరు జిల్లాలో అక్షరదీపం జరిగినప్పుడు నేను రాత్రిళ్ళు లాంతరు వెలుగులో కూలిపనికి పోయివచ్చిన అమ్మలకు అక్షరాలు దిద్దించినవాడిని. ఆ వాచకాలలోని పాఠాలు చదివి దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించినారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకొని 1993లో సారా నిషేధం వచ్చినది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది. తరువాత రెండేండ్లకే సడలిపోయినది, అది వేరే కథ. నా ఎదుట కూర్చున్న యాభై ఏండ్ల అమ్మ తన పేరు తాను రాసుకొని, పలక నాకు ఇవ్వకుండా ఇంటికి తీసుకుపోయినది. ఆ శక్తి మనకు ఉన్నది. మన పొదుపు సంఘాలు ఆ శక్తిలో నుండి పెరిగినవే. కాని ఆ రాత్రిబడిలో మేము బెల్లం ఉప్పుల పాఠం చెప్పి ఉండవచ్చును కదా, ఎందుకు చెప్పలేదు? నాకే తెలియదు గనుక చెప్పలేదు.

వడ్డి సంగతి తలపెట్టినాను గనుక ఒక ముక్క. బంగ్లాదేశ్ అనగానే యూనస్ గారి గ్రామీణ బ్యాంకును, 2006 నోబెల్ బహుమానాన్ని తలచుకొంటాము. నా అభిప్రాయంలో వారి ఉన్నతికి అది ముఖ్యకారణం కాదు. ఆ నమూనాయే మన రాష్ట్రానికి లాభాపేక్షగల కంపెనీల చేతిలో వచ్చి, వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. హైదరాబాదు బస్తీలలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ప్రభృతులు జరిపిన పరిశీలనలోనూ చిన్న అప్పులు బ్రతుకులను తలక్రిందులుగా మార్చలేదని తేలినది. పిల్లలను బ్రతికించినది బెల్లం. అప్పు కాదు.

ఆడపిల్లల చదువూ కొలువూ మరొక పెద్ద కారణం. 1994 నుండి దేశమంతటా పల్లెలలో ఉన్నత పాఠశాలకు వచ్చే ఆడపిల్లలకు భత్యం ఇచ్చినారు. నూటికి 75 రోజులు హాజరు కావాలి, 45 మార్కులు రావాలి, పద్దెనిమిది నిండేవరకు పెళ్ళి చేయరాదు. ఆ పిల్లలలో ఎందరో కుట్టుమిల్లులకు పోయినారు. 1978లో కొరియా కంపెనీతో కలిసి మొదలయిన ఆ పరిశ్రమ సుమారు నలభై లక్షలమందికి పని ఇచ్చినది. వారిలో ఎక్కువమంది స్త్రీలు. తెల్లవారుజామున ఢాకా వీధులలో బారులు తీరి పనికి నడిచిపోయే ఆడవారి చిత్రాలు చూసినప్పుడు, ఒక ముస్లిం దేశంలో ఇది సాధ్యమా అని ఆశ్చర్యపోయే మన మిత్రులు, 2017-18లో మన దేశంలో పనిలో ఉన్న, పని వెతుకుతున్న స్త్రీలు కలిసి నూటికి 23 మందే అన్న ప్రభుత్వపు లెక్కకు ఎందుకు ఆశ్చర్యపోలేదో నాకు అర్థం కాదు. ఆ అంకె ఇటీవలి లెక్కలలో 40 దాటినది, సంతోషమే.

అయితే ఆ కుట్టుమిల్లులను పొగడుతున్న నోటితోనే 2013 ఏప్రిల్ 24వ తేదీని తలవాలి. సావర్‌లో రానా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం కూలి 1,134 మంది చనిపోయినారు. ముందురోజే గోడలు బీటలువారినవి. క్రింద ఉన్న బ్యాంకూ, దుకాణాలూ మూసివేసినారు. పైనున్న కుట్టుపనివారిని మాత్రం జీతం కోసేస్తామని బెదిరించి లోపలికి పంపినారు. మనం సంతలో చవకగా కొనే చొక్కా గుండీ కుట్టిన చేయి ఆ శిథిలాలలో ఉండిపోయినది. దీనిని అభివృద్ధికి చెల్లించిన మూల్యమని రాసే పత్రికా రచయితలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మూల్యమంటే కొన్నవాడు చెల్లించాలి. వారు కొన్నదేమిటి?

ఇక బంగ్లాదేశ్‌ను మోసుకొని తిరిగే మిత్రులకూ రెండు మాటలు. 2020 అక్టోబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి వారు, ఆ ఏడాది తలసరి ఆదాయంలో బంగ్లాదేశ్ మనలను పదకొండు డాలర్లతో దాటుతుందని అంచనా వేసినప్పుడు మన పత్రికలలో జరిగిన రభస గుర్తున్నదా? ఒకరు గుండెలు బాదుకొన్నారు, ఇంకొకరు లెక్క తప్పన్నారు. నాలుగేండ్లు తిరగకుండానే ఆ ప్రభుత్వమే కూలిపోయినది. 2024 జూలైలో ఉద్యోగాల కోటాల మీద మొదలయిన విద్యార్థుల ఆందోళన మీద తుపాకులు పేల్చినారు. 1,400 మంది వరకు చనిపోయి ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2025లో ప్రకటించినది. ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి మన దేశానికే వచ్చినారు. ఆ తరువాత దేవప్రియ భట్టాచార్య అధ్యక్షతన నియమించిన సంఘం, 2009 నుండి 2023 వరకు ఏటా సగటున 1,600 కోట్ల డాలర్లు దేశం దాటిపోయినవని, వృద్ధి లెక్కలు కూడా ఉబ్బించి చూపినవేనని 2024 డిసెంబరులో నివేదిక ఇచ్చినది. కాబట్టి ఆదాయపు అంకెలను నేను ఇరువైపులా చేయి అడ్డం పెట్టి చదువుతున్నాను. శిశుమరణాలు, ఎత్తు ఎదగని పిల్లలు అనే లెక్కలు వేరు. అవి ఇంటింటికి పోయి తల్లులను అడిగి, పిల్లలను కొలిచి తీసినవి. వాటినీ కళ్ళుమూసుకొని నమ్మమనను, కాని కార్యాలయంలో కూర్చుండి ఉబ్బించడం అంత సులభం కాదు.

బాల్యవివాహాల విషయంలో వారు మనకంటే చాలా వెనుక. ఇరవై నుండి ఇరవై నాలుగేండ్ల స్త్రీలలో సగంమందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళి అయినది. ఇన్నేండ్ల భత్యం ఇచ్చినా! మన దేశంలో 23 శాతం. ఇక్కడ భుజాలు చరచుకొనే ముందు ఆంధ్రప్రదేశ్ అంకె కూడా చూడండి, 29. అల్పసంఖ్యాకుల సంగతి సరేసరి. 1974లో 13.5 శాతం ఉన్న హిందువులు 2022 జనగణనలో 8 శాతం లోపుకు వచ్చినారు. ఎవరి బ్రతుకు బాగున్నదని అడిగేటప్పుడు, భయం లేకుండా నిద్రపోగలిగినవారు ఎవరు అన్నది కూడా అడగాలి. ఆ ప్రశ్న మన ఇంట్లోనూ అడగవలసినదే.

పిల్లల చదువు నాణ్యతలో ఇద్దరమూ ఒకే బెంచీ, చివరిది. ఇక మనమూ కదులుతున్నాము. 2023 లెక్కలో మన శిశుమరణాలు వేయికి 25కు తగ్గినవి. 2022 సర్వేలో వారి అంకె కూడా 25. పైన చెప్పిన 2025 నివేదికలో రెండు దేశాలదీ ఒకే స్థానం, 130. అది చెపితే మా బ్యాంకు మిత్రులు, "మరింకేం, సమానమయ్యాం కదా" అన్నారు. సమానమే. అటు చేరడానికి వారికంటే మనకు పట్టిన అదనపు కాలంలో పోయిన పిల్లలను ఆ స్థానంలో కలపలేదు.

పోలికల సంగతిలో నన్ను మరొక విధంగా ఆలోచింపజేసినది చిట్‌మహళ్ళ కథ. వారి దేశంలో మన భూమి ముక్కలు 111, మన దేశంలో వారి ముక్కలు 51 ఉండేవి. కూచ్ బిహార్ రాజుగారు, రంగపురం ఫౌజ్దారుగారు చదరంగంలో పందెం కాసిన ఊళ్ళని ఒక కట్టుకథ. ఒకచోట మరీ వింత, బంగ్లాదేశ్‌లో ఉన్న భారతదేశంలో ఉన్న బంగ్లాదేశ్‌లో ఒక జనుము చేను మాత్రం భారతదేశం! సమాసానికి విగ్రహవాక్యం చెప్పడానికి కూడా కష్టమే. అక్కడి జనానికి ఏ దేశపు బడీ లేదు, కరెంటు లేదు, ఆస్పత్రి లేదు. 2015 జూలై 31 అర్ధరాత్రి రెండు దేశాలూ ఆ ముక్కలు మార్చుకొని, ఏ దేశం కావాలో కోరుకొమ్మని జనాన్ని అడిగినవి. అటు మన ముక్కలలో ఉన్న 37,000 మందికి పైగా జనంలో ఇండియాకు వస్తామన్నవారు వేయికి లోపే. ఇటు వారి ముక్కలలో ఉన్న 14,000 మందికి పైగా జనంలో బంగ్లాదేశ్‌కు పోతామన్నవారు ఒక్కరూ లేరు. తలసరి ఆదాయమూ, ఆయుర్దాయమూ ఎవరూ చూడలేదు. నాటిన చెట్టూ, కట్టుకొన్న గోడా చూసుకొన్నారు.

ఈ వివరాలు వెతుకుతున్నప్పుడే తెలిసిన మరొక సంగతి. ఢాకా నగరంలో ధల్‌పూర్ అనే చోట తెలుగు కాలనీ ఒకటున్నది. బ్రిటిషువారి కాలంలో మన తీరపు జిల్లాల నుండి తీసుకుపోయినవారి సంతతి. తరతరాలుగా ఆ నగరపు వీధులు ఊడ్చినారు, మురుగు ఎత్తినారు. 2023 ఫిబ్రవరిలో ఆ స్థలం ఖాళీ చేయమని నగరపాలకుల నుండి ఆదేశం వచ్చినదని అక్కడి పత్రికలలో చదివినాను. నూటపాతిక పైచిలుకు కుటుంబాలు. వారి పిల్లలు ఎత్తు ఎదిగినారా, వారి తల్లులకు ఆ బెల్లం పాఠం ఎవరయినా చెప్పినారా, ఏ సర్వేలోనయినా వారి ఇంటి తలుపు తట్టినారా, నాకు తెలుసుకోవాలని ఉన్నది. వారు ఇండ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకొంటారట. ఏ జిల్లా యాస మిగిలినదో, బంగ్లా మాటలు ఎన్ని కలిసినవో! ఉద్యోగరీత్యా ఢాకా పోయి వచ్చిన మిత్రులెవరయినా ఆ కాలనీని చూసి ఉంటే దయచేసి నాలుగు ముక్కలు రాయగలరు. పైన నేను చెప్పిన అంకెలలో పొరపాటున్నా తెలుపగలరు, దిద్దుకొంటాను.